మూడు వత్తుల పాఠము

వర్షర్తువు ముగిసి సముద్రమారుతము దిశ మార్చుకొని కాకినాడ రేవునందలి నావల తెరచాపలను నైరృతికి వంచుచుండగా, నిర్మేఘమైన యపరాహ్ణాకాశమున గ్రద్దలు వలయములు తిరుగుచుండగా, ఆసన్నకార్తికదీపారాధనోత్సుకలైన గృహిణులు వీధివీధిని ప్రమిదలు కడిగి యరుగులపై నారబెట్టుచుండగా, చెరుకుపల్లి హైమవతి తన వంటయింట కంచుపళ్ళెమున నీరు పోసి నడుమ గిన్నె బోర్లించి దానిపై ప్రమిదను వెలిగించి మిఠాయియంగడి వెడల్పుమూతి గాజుసీసాను దానిమీద మూసి నేలపై చతికిలబడి యా సీసానే చూచుచుండెను.

దీపము వెలుగుచున్నంతసేపు పళ్ళెములోని నీరు సీసాలోనికి లేవలేదు. దీప మారిన పిమ్మట లేచెను. ఒక వత్తితో చేసినప్పటికంటె మూడు వత్తులతో చేసినప్పు డెక్కువగ లేచెను. హైమవతి ప్రమిద తుడిచి మరల మొదలుపెట్టెను.

ఆమె బాలికోన్నతపాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించునది. పిల్లలకొరకు శాస్త్రపుస్తకములు వ్రాయునది. తన చేత చేసి చూడని ప్రయోగమును వ్రాయరాదనునది యామె నియమము. నీటినిగూర్చిన మొదటి పుస్తకమున సూది నీటిపై తేలునను నొక్క వాక్యమునకై, తన సూది తేలువరకు, అచ్చుకూటమును వారముదినము లాపినది. గాలినిగూర్చిన రెండవ పుస్తకమునకై యింటిలోని గొడుగుల నన్నిటిని పాడుచేసినది. ఇప్పుడు వ్రాయుచున్న మూడవది నిప్పునుగూర్చినది.

అందులో నొక్క పుటవలన చిక్కు వచ్చెను. మూసిన పాత్రలోని దీపము గాలియందలి ప్రాణవాయువును తినివేయుననియు, అట్లు ఖాళీయైన యైదవపాలును నింపుటకే నీరు లేచుననియు నాటి పాఠశాలాపుస్తకము లన్నియు చెప్పుచుండెను. ఆమెకును అట్లే చెప్పినవారు దిట్టకవి రామానుజయ్యగారు. ఆడపిల్లకు కళాశాలాప్రవేశము దుర్లభమైన దినములలో హైమవతిని తమ యింటి సావడిలో కూర్చుండబెట్టి శాస్త్రము నేర్పిన గురువు. ఉద్యోగవిరమణానంతరము జిల్లాలో పాఠ్యపుస్తకములను నిర్ణయించు సంఘమునకు వారే యధ్యక్షులు. తినివేయబడిన గాలియే కారణమైనచో ఒక వత్తికైనను మూడు వత్తులకైనను నీరొక్కయెత్తుననే లేవవలెను గదా యని హైమవతి వ్రాసెను. వేడికి పొంగిన గాలి సీసా యంచుక్రిందినుండి బుడగలై వెలికిపోవుననియు, మిగిలినది చల్లారి ముడుచుకొనునప్పుడు నీరు లోనికి వచ్చుననియు వ్రాసెను. సంఘ మా పుటను కొట్టివేసి వ్రాతప్రతిని త్రిప్పిపంపెను.

సంఘ మామోదింపని పుస్తకమును పాఠశాలలు కొనవు. పాఠశాలలు కొనని పుస్తకమును గుండా వీరాస్వామి తన యచ్చుకూటమున నచ్చువేయడు.

"ఒక్క పేజీ కదండీ అమ్మగారూ! ఆయనగారు చెప్పినట్టు మార్చేస్తే నాకు పుస్తకం దక్కుతుంది, మీకు గురుభక్తి దక్కుతుంది" అని వీరాస్వామి బ్రతిమాలెను.

"చూసింది ఒకటి, రాసింది ఒకటీ ఎలా అవుతుందండీ?"

"పిల్లలు మీ పుస్తకం చదివేసి పళ్ళెంలో నీళ్ళు పోసుక్కూచుంటారనే మీ నమ్మకం?"

"లేకపోతే నేను రాయడం ఎందుకండీ?"

ఆ సాయంకాలమే హైమవతి పళ్ళెమును సీసాను సంచిలో పెట్టుకొని గురుగృహమునకు పోయెను. రామానుజయ్యగారు సంచిని చూచి కండ్లజోడు సవరించుకొనిరి.

"ఏమ్మా హైమా, మాస్టారికి పరీక్ష పెడదామనా?"

"ఒక్కసారి చూడండి మాస్టారూ. అంతే."

"ముప్ఫై ఏళ్ళు చూపించానే ఈ ప్రయోగం!"

"చూపించారండి. చూశారా?"

తరగతిలో ప్రయోగము చూపువాడు పిల్లల మొగములను చూచును. సీసాను పిల్లలే చూతురు. దీప మారగానే యాయన నల్లబల్లవైపు తిరిగి యైదవపా లని వ్రాయుచుండెడివారు. ఆ సంగతి రామానుజయ్యగారి కా క్షణమున తోచెనో లేదో కాని లేచి చొక్కాచేతులు మడుచుకొనిరి.

ఒక వత్తి వెలిగించిరి. నీరు లేచినంతమేర సీసాపై కాగితపుముక్క యంటించిరి. పిమ్మట మూడు వత్తులు వెలిగించిరి. నీరు కాగితమును దాటి పైకి పోయెను.

"సీసాలో ఏదో తేడా ఉంది. ఏమేవ్! ఇంకో సీసా ఇలా పట్రా!"

"ఉన్న ఇంకోదాన్లో మాగాయుంది. మీ శాస్త్రానికి నా మాగాయ ఒలకబొయ్యను" అని ఆయన భార్య ఆండాళమ్మగారు వంటయింటినుండియే పలికిరి.

ఆయన యా సీసానే కడిగి తుడిచి మరల చేసిరి. నీరు మరల కాగితమును దాటెను. రామానుజయ్యగారు పీటపై కూలబడిరి.

"నువ్వు చెప్పిందే నిజం. అయినా సంతకం పెట్టను."

"ఎందుకండీ?"

"పరీక్షలో నీ జవాబు రాసిన పిల్లకి సున్నా వేస్తారు. వేసేదెవరు? ఈ జిల్లాలో పేపర్లు దిద్దేవాళ్ళంతా నా శిష్యులే, నేను చెప్పిందే నేర్చుకున్నారు. ఆ సున్నా నువ్వు మోస్తావా, ఆ పిల్ల మోస్తుందా?"

హైమవతి కిది తోచని మాట. గురువు పట్టుదలను గెలువవచ్చునని వచ్చినదే కాని పిల్ల పాలబడు సున్నాకు సమాధాన మాలోచింపలేదు. పళ్ళెములోని నీటిని పెరటిలో పారబోసి వచ్చి, కొంగున చేతులు తుడుచుకొని యిట్లనెను:

"అయితే జవాబు తీసేస్తానండి. మీదీ వద్దు, నాదీ వద్దు. ఒక వత్తితో ఎలా చెయ్యాలో, మూడింటితో ఎలా చెయ్యాలో రాసి, కింద సగం పేజీ ఖాళీ వదిలేస్తాను. చూసినదాన్ని పిల్లే రాసుకుంటుంది."

"జవాబు లేని పాఠాన్ని సంఘం ఒప్పుకోదమ్మా."

"మాననివ్వండి."

సంఘ మొప్పుకొనలేదు. వీరాస్వామియు నచ్చువేయలేదు. హైమవతి పెద్దాపురమున పెండ్లిపత్రిక లచ్చువేయు చిన్న కూటమున సగము పుట ఖాళీతోనే తన పుస్తకమును అచ్చువేయించెను. ఆదివారములందు బస్సెక్కి సామర్లకోట పిఠాపురము తుని మొదలగు నూళ్ళకు పోయి బడి వసారాలలో పళ్ళెము పెట్టి దీపము వెలిగించి, తాను బల్లయొద్ద నిలువక పిల్లల వరుసలో వారితోపాటు కూర్చుండి సీసాను చూచుచుండెను. ఏమగునని యడిగిన పిల్లకు "చూస్తున్నాంగా, ఉండవే" యనుటయే యామె బోధ. ఎండలో గొంతు పోయెను; అమ్ముడుపోని ప్రతులకు చెదలు పట్టెను. ఆమె యాగలేదు. నేలనుగూర్చి నాలుగవ పుస్తకమును మొదలుపెట్టి, అందును ఖాళీలు విడిచెను.

మూడేండ్లకు పిమ్మట జిల్లాపరీక్షకు శాస్త్రప్రశ్నపత్రమును రామానుజయ్యగారు కూర్చిరి. హైమవతి తన పాఠశాలలో పరీక్షాపర్యవేక్షణము చేయుచు కాగితములు పంచి, మిగిలిన ప్రతిని కిటికీవెలుగున చదివెను. ఆఱవ ప్రశ్న యిట్లుండెను: "నీటిపళ్ళెమున సీసా మూసిన దీపమునకు ఒక వత్తియున్నప్పుడును మూడు వత్తులున్నప్పుడును నీరు సమముగ లేచునా? నీవు చూచినది వ్రాయుము. చూడనివారు ఈ ప్రశ్నను విడువవచ్చును. దీనిని దిద్దువారు ముందుగా తామే చేసి చూడవలెను."

గదిలో పెక్కు కలములు నిలిచిపోయెను. కొందరు బాలికలు కాగితము త్రిప్పి తరువాతి ప్రశ్నకు పోయిరి. మూడవ వరుసలో నొక బాలిక మాత్రము వ్రేళ్ళను బల్లపై నడ్డముగ నొకదానిపై నొకటి పేర్చి, కన్నులు మూసికొని, ఒక వత్తికి నీరు లేచినట్లు జ్ఞప్తికి వచ్చినంతయెత్తున నిలిపి, మూడు వత్తులకు పైన మరియొక వ్రేలు చేర్చి, పిమ్మట కలమందుకొనెను.