పాపాయమ్మ అంగిలి

చుట్టను నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని, పెదవులు బిగించి, పాపాయమ్మ విశాఖ పూర్ణా మార్కెట్‌లో చేపల గంప ముందు కూర్చుంది. స్టీలు ప్లాంటు ఇంకా పునాదుల్లోనే ఉన్న రోజులు. ఆమె పేటలో ఆడవాళ్ళంతా ఇలా అడ్డపొగే తాగేవారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, పైటమీద రవ్వ పడదు. చుట్ట తీయకుండానే బేరమాడడం, తిట్టడం, నవ్వడం ఆమెకు వచ్చు. ముంజేతుల నిండా చేప పొలుసులు, మార్కెట్ ఆ కొసకు వినిపించే గొంతు.

ఆ రోజు మాత్రం మొదటి దమ్ముకే అంగిలి భగ్గుమంది. వారంగా వాచి ఉన్న పుండు చిట్లింది. చుట్ట ఉమ్మేసి మూగదానిలా కూర్చుండిపోయింది.

పోర్టు గుమాస్తా గురునాథరావు వచ్చాడు. ఏళ్ళ తరబడి ఆమె చేత తిట్లు తిని చేప కొనే మనిషి. వంజరం చూపించి, సిగ్గు విడిచి సగం ధర చెప్పాడు. నోరు తెరవలేక పాపాయమ్మ సరేనని తలూపింది. ఆయన ముఖం పాలిపోయింది. మొప్పలెత్తి చూశాడు, వాసన చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. "కుళ్ళిందేమో" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి మార్కెట్టంతా అదే మాట పాకింది. పక్క గంప పోతమ్మ ఇక ఆగలేదు.

"కుళ్ళింది సేపలు కాదే, నీ నోరు. నడు ఆసుపత్రికి!" అని రెక్క పట్టుకు లాక్కుపోయింది.

దారిలో ఇద్దరూ తమ పేట జోగమ్మ పేరెత్తలేదు. నిరుడు ఆమె అలాంటి పుండుతోనే పోయింది.

పళ్ళ డాక్టరమ్మ గౌరీశ్వరి టార్చి వేసి చూసింది. పరీక్షకని పుండులోంచి చిన్న ముక్క తీసింది.

"నీ రక్తంలో తెల్లకణాలని ఉంటాయి పాపాయమ్మా. పుండు పడగానే పరుగెత్తుకొస్తాయి. అందుకే ఈ వాపు. ముందొచ్చినవి క్రిములతో పోరాడి అక్కడే చస్తాయి. వెనకొచ్చినవి ఆ చచ్చినవాటిని మింగి, చోటు శుభ్రం చేసి, కొత్త కండ వేసేవాటిని పిలుస్తాయి."

"ఈళ్ళంతా నా నోట్లోనేనేటి?"

"నీ నోట్లోనే. వాళ్ళు బాగుచేసేలోగా నువ్వు మళ్ళీ నిప్పు పెడుతున్నావు."

పాపాయమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి ఆలోచించింది. తుపానుకు మగడు సూరన్న పడవ తిరగబడినప్పుడు పేటంతా పరుగెత్తుకొచ్చింది. ముందు దూకిన ఇద్దరు తిరిగి రాలేదు. సూరన్న శవాన్ని మోసుకొచ్చినవాళ్ళే మర్నాటి నుంచి ఆ పడవ చెక్కలు బిగించారు.

"ఓలమ్మో! ఇన్నాళ్ళూ నాను మనోళ్ళ గుడిసెలకే అగ్గెట్టినాను!" అంది, పక్కనే నిలబడి వింటున్న పోతమ్మతో.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక టార్చి జారవిడిచింది.

పాపాయమ్మ చుట్ట మానేసింది. ఖాళీ నోరు ఊరుకోక తిట్లు రెట్టింపు చేసింది. ముక్క పరీక్షలో చెడ్డ జబ్బు లేదన్నారు. పుండు మెల్లగా పూడింది. ఆ గొంతు దూరం నుంచే విని గురునాథరావు పరుగున వచ్చాడు.

"నోరు పడిపోయిన మనిషినొగ్గీసి పారిపోతావేటి బాబూ?" అంది. ఆయన ఆమె చెప్పిన ధరకే కొన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఒక ముసురు రోజు తెల్లవారి లేవలేదు, అంతే. పోతమ్మ వచ్చి పక్కన కూలబడింది. ఏడుపు మొదలెట్టబోతూ ఆగి, తన నోట్లో చుట్ట తీసి బయట పారేసి, తెరుచుకుని ఉన్న ఆ నోట్లోకి వంగి చూసింది. అంగిలి నున్నగా, పసిపిల్లదానిలా ఉంది.

"బాగా సేసినార్రా," అంది ఆ నోటి లోపలివాళ్ళతో. నోరు మెల్లగా మూసింది.

తలగడ పక్కన, ఆ పొద్దుటికని విరిచి పెట్టుకున్న వేపపుల్ల ఉంది, కొసన ఇంకా ఒక లేతాకుతో.