జ్యోతిరాణి చెప్పిన సాక్ష్యం

ఆదివారం ఆరాధనలో పాటలైపోయి, వాక్య ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం వస్తుంది. దేవుడు ఎవరికి ఏ మేలు చేస్తే వాళ్లు లేచి, మైకు పట్టుకుని నలుగురిలో చెప్పాలి. ఒకరికి తప్పిపోయిన గేదె దొరుకుతుంది, ఒకరి కూతురు పరీక్ష పాసవుతుంది, ఇంకొకరి మొగుడు తాగుడు మానేస్తాడు. మళ్లీ తాగుడు మొదలుపెట్టిన సంగతి మాత్రం ఎవరూ లేచి చెప్పరు. బొగ్గు బాయి కార్మికుల కాలనీ చివర రేకుల షెడ్డులో నడిచే కృపా సన్నిధి మందిరంలో అందరికంటే పేరున్న సాక్ష్యం జ్యోతిరాణిది. పదమూడో ఏట పట్టుకున్న మూర్ఛరోగం ప్రార్థనతో పోయిందని, మాత్రలన్నీ తీసి మురుగు మోరీలో పారేసిందని, ఆనాటి నుంచి ఒక్కసారి కూడా పడిపోలేదని ఆమె చెబుతుంటే ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవాళ్లు.

పడిపోలేదన్నది నిజం. పారేసిందన్నది అబద్ధం. ఈ రెండేళ్లూ రెండు పూటలా ఒక్కపూట తప్పకుండా ఆమె మాత్ర మింగుతూనే ఉంది. మాత్రల పొట్లం వంటింట్లో చింతపండు డబ్బా వెనక ఉండేది.

అట్లని ఆమె అబద్ధాలకోరు మనిషేమీ కాదు. కూరలో ఉప్పెక్కువైతే వడ్డించకముందే చెప్పే రకం. ఆ మొదటి ఆదివారం ఆమె చెప్పాలని లేచింది ఒక్కటే ముక్క: మీరందరూ ప్రార్థన చేశారు, ఆరు నెలలైంది, మళ్లీ ఫిట్స్ రాలేదు, దేవునికి స్తోత్రం. అంతే చెప్పి కూర్చుంటే సరిపోయేది. ఎఫ్రాయిము పాస్టరుగారికి ఉత్సాహం ఆగలేదు. "మరి మాత్రలు మానేశావా తల్లీ?" అని అడిగారు. మైకు చేతిలో ఉంది. రెండు వందల మొహాలు ఎదురుగా ఉన్నాయి. లేదు అంటే ఆ మొహాలన్నీ వాడిపోతాయేమో అనిపించింది. "మానేసిన అయ్యగారూ" అంది. షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు అల్లెలూయా అన్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

అక్కడి నుంచి ఆ మాట ఆమె చేతిలో లేదు. వచ్చే నెల మళ్లీ చెప్పమన్నారు. మానేసిన అన్నది పారేసిన అయింది, పారేసినచోటు మోరీ అయింది. పాస్టరుగారి తమ్ముడు ఫోనులో తీసి యూట్యూబులో పెట్టాడు. జమ్మికుంట నుంచి ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ ఫోను చేసి, నా కోసం కూడా ప్రార్థన చెయ్యక్కా అని ఏడ్చింది. పది ఆజ్ఞలు నిద్రలో లేపినా చెప్పగలిగిన జ్యోతిరాణికి అబద్ధసాక్ష్యం పలకొద్దన్న తొమ్మిదోదాని దగ్గర నాలుక తడబడడం అప్పుడే మొదలైంది.

ఒక గురువారం మధ్యాహ్నం తారాబాయి వచ్చింది. భైంసా దగ్గరి పల్లె మనిషి. మొగుడు ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు డ్రైవరు. మందిరానికి రావడం మొదలుపెట్టి మూడు నెలలు కాలేదు. చేతిలో నువ్వుల లడ్డూల డబ్బా, వెంట తొమ్మిదేళ్ల కూతురు కావ్య. ఆ పిల్లకూ మూర్ఛ ఉందని, రోజూ మందు పడితేనే నిలుస్తుందని కాలనీలో అందరికీ తెలుసు.

"అక్కా, తీపి చేసుకొచ్చిన, తిను," అంది తారాబాయి. మొహం వెలిగిపోతోంది. "నీ వీడియో మూడుసార్లు జూసిన. అక్క పారేసినప్పుడు నేనెందుకు పారెయ్యొద్దు అనుకున్న. పన్నెండు దినాలాయె, దీని మాత్రలు బంద్ జేసిన. ఒక్కపారి గూడ రాలే. నిన్ను ముట్టినట్టే నా బిడ్డను గూడ ముట్టిండు ఏసయ్య."

జ్యోతిరాణి నోటిదాకా తెచ్చిన లడ్డూ మళ్లీ డబ్బాలో పెట్టేసింది. మాత్ర ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? ఆమెకు పదహారో ఏడు నడుస్తుండగా తండ్రి అట్లాగే మాత్రలు ఆపించి, పొయ్యి మీద పడ్డ కూతుర్ని ఎత్తుకుని పరుగెత్తాడు. ఆ కాలిన మచ్చ ఇప్పటికీ మోచేతి మీద ఉంది.

"జర డాక్టరును ఒక్కపారి అడుగరాదే తారా," అంది జ్యోతిరాణి. "పిల్ల గదా. అడిగితె ఏం బోతది?"

తారాబాయి నవ్వింది. "నా విశ్వాసం ఎంతున్నదో చూస్తున్నవ్ గదా అక్కా? నేను జారను."

జ్యోతిరాణికి సాక్ష్యం చెప్పేటప్పుడు గంగా ప్రవాహంలా సాగిన నోరు, ఇంట్లో ఇద్దరి మధ్య ఒక్క నిజం చెప్పడానికి మూతబడింది. తల్లీకూతుళ్లు వెళ్లిపోయారు.

సాయంత్రం మొగుడు గట్టయ్య ఫస్టు షిఫ్టు దిగి వచ్చాక అంతా చెప్పింది. గట్టయ్య క్రిస్మస్‌కు తప్ప మందిరం గడప తొక్కని మనిషి. మాత్రలు తెచ్చిపెట్టేది అతనే, ఇన్నాళ్లూ ఏమీ అనకుండా ఊరుకున్నదీ అతనే. విని, చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేనెవ్వరిని పారెయ్యమనలే గదా," అంది జ్యోతిరాణి, అతనేమీ అనకముందే.

"బాయిల నా పనేందో ఎరికేనా నీకు? కట్టె పట్టుకొని పైకప్పు తట్టి చూసుడు. గట్టి సప్పుడొస్తె బాగున్నదంట. డొల్ల సప్పుడొస్తె ఎవ్వన్ని పోనియ్య. డొల్ల సప్పుడొచ్చినా బాగున్నదన్ననుకో, నాకేం గాదు, నేనీడ్నే నిలవడి ఉంట. నా మాట నమ్మి లోపటికి పోయినోని మీద పడ్తది బండ." గట్టయ్య లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు. "నేను గూడ ఎవ్వన్ని పో అనను. బాగున్నది అంట. అంతే."

మర్నాడు ఆమె పాస్టరుగారి ఇంటికి వెళ్లింది. ఎఫ్రాయిము పాస్టరుగారిదీ ఈ బొగ్గుగడ్డే. మైకు ముందు నిలబడీ నిలబడీ ఇంట్లో కూడా పుస్తకంలా మాట్లాడడం అలవాటయింది, అంతే. జ్యోతిరాణి ఆయనకు ఉన్నదంతా చెప్పింది.

"నేనడిగిన రోజే చెప్పి ఉంటే అయిపోయేది కదమ్మా."

"మీరు గట్ల అందర్ల అడిగితె ఎట్ల చెప్పాలె అయ్యగారూ?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆ షెడ్డుకు ఒక్కొక్క రేకూ మోసి వేసిన మనిషి. "వచ్చే శుక్రవారం నుంచి పెద్ద ప్రార్థన కూటాలు. పోస్టరు మీద నీ ఫోటో ఉంది. నువ్విప్పుడు కాదంటే నీ ఒక్కదాని మాటే పోదు, అక్కడ లేచి చెప్పిన ప్రతి ఒక్కరి మాటా పోతుంది. కొత్తగా నమ్మినవాళ్లు చెదిరిపోతారు. తారాబాయితో నేను మెల్లగా మాట్లాడతాను. నువ్వు తొందరపడకు. అయినా మాత్రలు కూడా దేవుడిచ్చినవే కదా తల్లీ, నువ్వు బాగుపడింది నిజమే కదా?"

నిజమే. సగం నిజం పట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. పాస్టరుగారు చెబుతారులే అనుకుంది. ఒక పూట అనుకుంటే ధైర్యంగా ఉండేది, ఇంకో పూటకు ఆ ధైర్యం కరిగిపోయేది. రెండుసార్లు తారాబాయి ఉండే సందు దాకా పోయింది. రెండోసారి కావ్య వీధిలో తాడాట ఆడుతూ కనిపించింది. ఎంత చక్కగా ఎగురుతోందో అని చూసి, ఏమో, నిజంగానే దేవుడు ముట్టాడేమో అనుకుని వెనక్కి తిరిగింది. తన అబద్ధాన్ని తానే నమ్మాలని ఆశపడింది. అంతకంటే సిగ్గుపడాల్సిన క్షణం తన బతుకులో లేదని తర్వాత ఆమెకే అనిపించింది.

కూటాలకు పందిరి వేశారు. శుక్రవారం పదకొండింటికి జనం కిక్కిరిసి ఉన్నారు. జ్యోతిరాణి లోపలికి వస్తూ ముందు వరసలో తారాబాయిని చూసింది. ఒళ్లో కావ్య తలవాల్చుకుని ఉంది. నుదుటి మీద తెల్లటి కట్టు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

"ఏమైందే?" జ్యోతిరాణి అక్కడే చతికిలబడింది.

"నిన్న పొద్దుగాల నల్లా కాడ పడ్డదక్కా. నాలుగు కుట్లు పడ్డయి. మాపటికి ఇంకోపారి వచ్చింది."

"అయ్యగారు నీతోని మాట్లాడలేదా?"

"లే. కూటాల పనిల పరేషాన్ ఉన్నరు గదా." తారాబాయి దగ్గరగా వంగింది. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "దవాఖానల మాత్రలు రాసిచ్చిండ్రు. నేనెయ్యలే. అక్కా, నిన్నొకటి అడుగాలె. నీకు గంత విశ్వాసం ఎట్లొచ్చింది? నాకు తక్కువున్నది. అందుకే నా బిడ్డ పడుతున్నది. నేనింకేం చెయ్యాలె, జర చెప్పు."

ఆ మాట జ్యోతిరాణిని నిలువునా కోసింది. ఆ తల్లి తనను అనుమానించలేదు, దేవుణ్ని అనుమానించలేదు. తప్పంతా తన నెత్తినే వేసుకుని కూర్చుంది. జ్యోతిరాణి నోరు తెరిచేలోపు మైకులో ఆమె పేరు పిలిచారు. చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో చెయ్యి పట్టి లేపి వేదిక ఎక్కించారు.

ఎఫ్రాయిము పాస్టరుగారు మైకు అందించారు. ఆయన కళ్లు వద్దమ్మా అంటున్నాయి.

"నేను మాత్రలు పారెయ్యలే," అంది జ్యోతిరాణి.

చప్పట్లు ఇంకా పూర్తిగా ఆగలేదు. చాలామందికి అర్థం కాలేదు.

"రెండేండ్ల సంది అబద్ధం చెప్తున్న. ఒక్కనాడు గూడ మానలే. ఇయ్యాల పొద్దుగాల గూడ మింగి వచ్చిన. మీరు ప్రార్థన చేసింది నిజం, నాకు ఫిట్స్ రానిది నిజం. పారేసిన అన్నది అబద్ధం. గా వీడియో చూసినోళ్లు ఎవలన్న మందులు ఆపితె..."

మైకు ఆగిపోయింది. ఎవరో తీగ లాగారు. కీబోర్డు వాయించే పిల్ల పాట ఎత్తుకుంది, వెనక సగం మంది అందుకున్నారు. పాస్టరుగారు మూగబోయిన మైకు వైపు చూస్తూ నిలబడ్డారు. ఆయన మాత్రం పాడలేదు.

జ్యోతిరాణి వేదిక దిగి తారాబాయి ముందు నేల మీద కూర్చుంది.

"తారా, మాత్రలు ఇప్పుడే ఎయ్యాలె. లే, దవాఖానకు పోదాం."

తారాబాయి ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నిన్నెవలన్న బెదిరిచ్చిండ్రా అక్కా? ఎందుకు గిట్ల అబద్ధం చెప్తున్నవ్? అప్పుడు నువ్వు చెప్పిందే నిజం. నీ కండ్లల్ల నీళ్లు నేను చూసిన."

"నీళ్లు గూడ వచ్చినయి. అయినా అబద్ధమే." జ్యోతిరాణి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీ విశ్వాసం తక్కువగాలే. నీ మీద ఏసుకోకు. నీ బిడ్డ పడ్డది నావల్ల."

ఆ మాట మనసులో దిగాక తారాబాయి చేతులు విడిపించుకుంది. కొడుతుందేమో అనుకుంది జ్యోతిరాణి. కొడితే బాగుండునని కూడా అనుకుంది. తారాబాయి కొట్టలేదు. బిడ్డను భుజాన వేసుకుని, పాడుతున్న జనం మధ్య నుంచి తోసుకుంటూ బయటికి నడిచింది. జ్యోతిరాణి వెంట పడింది.

ఆటో దగ్గర తారాబాయి వెనక్కి తిరిగింది. "డాక్టరమ్మ అడుగుతది. మంచిగున్న పిల్లకు మాత్రలు ఎందుకు ఆపినవంటె నేనేం చెప్పాలె?"

"నా పేరు చెప్పు."

"నేనెందుకు చెప్త? నువ్వే వచ్చి చెప్పు."

ఆటో మంచిర్యాల దవాఖాన ముందు ఆగింది. మొదటి నుంచీ కావ్యను చూస్తున్న పిల్లల డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, కళ్లలోకి టార్చి వేసి చూసి, ఎవరు ఆపమన్నారని గట్టిగానే అడిగింది. తారాబాయి గోడవైపు చూసింది.

"నేనమ్మా," అంది జ్యోతిరాణి. "నాకూ గిదే రోగం. నేను మాత్రలు మానేసిన అని అందరి ముందట అబద్ధం చెప్పిన. గది నమ్మి ఈమె ఆపింది. నేను నావి ఆపలే."

డాక్టరమ్మ కలం ఆగింది. తిడుతుందనుకుంటే తిట్టలేదు, చీదరింపుగా ఒక్క చూపు చూసి రాసుకోవడం మొదలుపెట్టింది. ఇంకో వారం ఇట్లాగే పోయి ఉంటే ఫిట్స్ ఆగకుండా వచ్చేవని, అప్పుడు పిల్ల దక్కడం కష్టమయ్యేదని కాగితం మీదనుంచి తల ఎత్తకుండానే చెప్పింది. నర్సు కావ్యకు మాత్ర వేసి, గంటసేపు బయట బల్ల మీద కూర్చోమంది.

ముగ్గురూ కూర్చున్నారు. కావ్య మధ్యలో.

"ఒకటి అడుగుత," అంది తారాబాయి. అక్కా అనలేదు. "ప్రార్థన చేస్తె ఏసయ్య ఇంటడని చెప్పినవ్. గదన్న నిజమేనా? నేను నీ మాట మీదనే ఆయన దగ్గరికొచ్చిన."

అవును అనేది జ్యోతిరాణి నాలుక చివరిదాకా వచ్చింది. మైకు పట్టుకున్న ప్రతిసారీ అట్లాగే వచ్చేది, తయారుగా, తియ్యగా. ఈసారి దాన్ని ఆపుకుంది.

"ఇంటడనే నమ్ముతున్న," అంది నెమ్మదిగా. "గని తారా, ఆ అబద్ధం చెప్పిన కాడి నుంచి నాకు ప్రార్థన చెయ్య చేతనైత లేదు. అందరి ముందట పెదవులు కదిలిచ్చుడే. ఒక్కదాన్ని కూసుంటె ఒక్క మాట రాకపోయేది."

"ఇప్పుడు చెయ్," అంది తారాబాయి. "నాకు ఇనవడేటట్టు చెయ్."

వరండాలో జనం తిరుగుతున్నారు. జ్యోతిరాణి కొంగు తల మీద కప్పుకుని, చేతులు జోడించింది. మహిమగల తండ్రీ అని మొదలుపెట్టబోయి మానేసింది. "తండ్రీ, నేను అబద్ధం చెప్పిన," అంది. మళ్లీ అదే మాట అంది. అంతకుమించి ఆమె దగ్గర ఏమీ లేదు. కావ్య అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని ఆమేన్ కోసం ఎదురుచూసింది. తారాబాయి మాత్రం కళ్లు మూసుకోలేదు. జ్యోతిరాణి మొహాన్నే చూస్తూ కూర్చుంది.