నవ్వుల సార్ అపాయింట్‌మెంట్

మా సెంటర్‌లో ఇద్దరు కౌన్సెలర్లు. ముందు గదిలో ఉండే ఆయన్ని అందరూ నవ్వుల సార్ అంటారు. వెనక గదిలో ఉండే ఆవిడకి మౌనం మేడమ్ అని పేరు పెట్టింది మాత్రం నేనే. తొమ్మిదేళ్లుగా ఆ రెండు తలుపులకీ ఎదురుగా, రిసెప్షన్ బల్ల వెనక కూర్చుంటున్నాను. లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. బయటికొచ్చే ముఖాలు చూడటమే నా వంతు.

సార్ గదిలోంచి వచ్చేవాళ్లు నవ్వుకుంటూ వస్తారు. మేడమ్ గదిలోంచి వచ్చేవాళ్లు కళ్లు వాచిపోయి, గోడ పట్టుకుని వస్తారు. వారానికి రెండు టిష్యూ డబ్బాలు ఆ గదికే అయిపోతాయి. సార్ గదిలో పెట్టిన డబ్బా మీద దుమ్ము పేరుకుంటుంది. ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే ఎవరి వైద్యం మంచిదో తేల్చడానికి నాకు చదువులెందుకు? బాధతో వచ్చినవాళ్లని ఇంకాస్త ఏడిపించి పంపడానికి ఈవిడ అన్నేళ్లు చదవాలా అని ఒళ్లు మండేది.

అందుకే మా తమ్ముడి సంగతి వచ్చేసరికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

తమ్ముడు లిఫ్ట్ మెకానిక్. ఒక ఆఫీసు భవనంలో రిపేరు చేస్తుండగా, వాడితో పనిచేసే స్నేహితుడు లిఫ్ట్ కింద నలిగి చనిపోయాడు. అప్పటినుంచి తమ్ముడికి నిద్ర లేదు. కంచం ముందు పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చునేవాడు. పనికి వెళ్లడం మానేశాడు. అమ్మా నాన్నా పోయాక వాడికి నేను, నాకు వాడు. వాడు చెయ్యి జారిపోతున్నాడని భయం పట్టుకుంది.

సార్‌కి మూడు వారాల దాకా ఖాళీ లేదు. మేడమ్‌కి మర్నాడే ఉంది. అపాయింట్‌మెంట్ల పుస్తకం ఉండేది నా దగ్గరే కదా, ఎవరో ఇద్దరిని వెనక్కి జరిపి తమ్ముణ్ణి సార్ దగ్గర ఇరికించాను. నా పలుకుబడి చూసి నేనే మురిసిపోయాను.

మొదటి రోజే వాడు నవ్వుతూ బయటికొచ్చాడు. వెనకే సార్ వచ్చి, హాల్లో కూర్చున్న పదిమందికీ వినపడేలా, "మీ తమ్ముడు వజ్రమమ్మా. జరిగినదాంట్లో అతని తప్పు ఇసుమంత కూడా లేదని చెప్పేశాను. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి 'నేను బాగున్నాను' అని పదిసార్లు అనుకుంటే చాలు" అన్నారు. నా కడుపు చల్లబడింది. గదిలో సంగతి నలుగురిలో చెప్పేస్తున్నారేమిటని అప్పుడు తోచలేదు. పెద్దాయన చనువు అనుకున్నాను.

ఆరు వారాలు తమ్ముడు అద్దం ముందు నిలబడ్డాడు. సార్ చెప్పిన జోకులు ఇంట్లో నాకు చెప్పేవాడు. ఏడో వారం సార్ వాడి భుజం తట్టి, "ఇంక రానక్కర్లేదు, నయమైపోయింది" అన్నారు. హాల్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఎనిమిది రోజుల తర్వాత మధ్యాహ్నం పక్కింటావిడ ఫోన్ చేసింది. నేను ఆసుపత్రికి చేరేసరికి తమ్ముడు ప్రాణాలతో ఉన్నాడు. చనిపోవాలనే ప్రయత్నించాడని డాక్టర్ చెప్పింది. ఇంకో అరగంట ఎవరూ చూడకపోతే దక్కేవాడు కాదట.

సార్‌కి ఫోన్ చేశాను.

"నా దగ్గరున్నన్నాళ్లూ ఎంత బాగున్నాడమ్మా. ఇంట్లో మీరేమన్నా అన్నారా?" అన్నాడు.

అప్పుడు నా నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

ఆసుపత్రి నుంచి వచ్చాక, ఇంకెక్కడికి పంపాలో తెలియక, తమ్ముణ్ణి వెనక గదికి పంపాను. గంట తర్వాత కళ్లు వాచి, గోడ పట్టుకుని వచ్చాడు. బయట మెట్ల మీద కూలబడ్డాడు. పక్కనే కూర్చున్నాను.

"ఆవిడ ముందే అడిగేశారక్కా, ఇప్పుడూ చచ్చిపోవాలనిపిస్తోందా అని. టైమెంతైంది అన్నట్టు మామూలుగా అడిగారు."

"నువ్వేమన్నావు?"

"అవునని చెప్పా. ఆవిడ కంగారు పడలేదు. తర్వాత ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నారు." మెట్టు మీద దుమ్ము గోటితో గీకాడు. "మెయిన్ స్విచ్ ఆపాల్సింది నేనక్కా. 'ఆపేశాను, దిగరా' అని వాడితో నేనే చెప్పా. ఆపలేదు."

ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉన్నాం. ఈ మాట నాకు తెలియదు.

"సార్‌కి చెప్పలేదా?"

"చెప్పబోయా. నోరు తెరవగానే నీ తప్పేం లేదనేశారు. ఆయన అంత హుషారుగా ఉంటే పాడుచెయ్యడం ఎందుకని నవ్వా. నువ్వూ అంత సంతోషంగా ఉన్నావు."

అంటే ఆరు వారాలూ వైద్యం చేసింది వాడు. ఆయనకీ, నాకూ. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి మేడమ్ ఏమన్నారు?"

"తప్పు లేదనీ అనలేదు, నీదే అనీ అనలేదు. విన్నారు. మళ్లీ గురువారం రమ్మన్నారు."

ఆ గురువారం మేడమ్ నన్నూ లోపలికి పిలిచి, వాడి ఎదురుగానే మాట్లాడారు.

"చావాలని ఉందా అని ఇంట్లో మీరూ రోజూ సూటిగా అడగండి. ఉందంటే ఒంటరిగా వదలకండి, నాకు ఫోన్ చెయ్యండి."

"అడిగితే లేని ఆలోచన పుట్టదా మేడమ్?"

"పుట్టదు. ఉన్నది చెప్పుకోవడానికి చోటు దొరుకుతుంది."

రోజంతా జనంతో మాట్లాడి బతికేదాన్ని, వాడి ముందు నాకు నోరు పెగలలేదు. నాలుగు రోజులు "బాగున్నావా?" అని మాత్రం అడిగాను. "బాగున్నానక్కా" అని నవ్వాడు. ఐదో రోజు పొద్దున పనికి బయల్దేరబోతూ చెప్పులు వేసుకున్నాను. మళ్లీ విడిచి, లోపలికెళ్లి వాడి మంచం మీద కూర్చున్నాను.

"చచ్చిపోవాలనిపిస్తోందా, నాన్నా?"

ఈసారి నవ్వలేదు. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేను తట్టుకోగలనా లేదా అని చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. భోరున ఏడవాలని ఉంది, నీకేం కాదురా అనాలని ఉంది. పళ్లు బిగించి కూర్చున్నాను.

"ఉందక్కా," అన్నాడు. "నిన్నటినుంచి ఎక్కువగా ఉంది."

"చెప్పు," అన్నాను.

ఆ రోజు పనికి వెళ్లలేదు. వాడు చెప్పడం అయ్యాక ఇద్దరం కలిసి మేడమ్‌కి ఫోన్ చేశాం.