దుప్పటి నోరు విప్పింది

ఆ వీధిలో మేడల మీద ఆరేసిన బట్టలు మాట్లాడతాయి. తీగ మీదికెక్కి గాలి తగలడమే ఆలస్యం, పిల్లల నిక్కర్లు బడిలో ఎవరు ఎవర్ని గిల్లారో చెబుతాయి, ఆఫీసు చొక్కాలు మేనేజర్ని తిట్టిపోస్తాయి. ఆరిపోయాక నోరు మూస్తాయి. అందుకే పదిమందిలో చెప్పుకోలేని బట్టల్ని అక్కడివాళ్లు తలుపులేసుకుని, ఇంట్లో ఫ్యాన్ కింద ఆరబెడతారు. ఘనమైన తెలివి! ఈ తెలివి పుణ్యమా అని ప్రతి ఇంట్లో ముసలాయనా పక్క తడిసే బాధ తనొక్కడికే అనుకుని కుమిలిపోయేవాడు.

వాళ్లలో రిటైరైన బస్సు డ్రైవరు ఒకడు. సర్వీసంతా ఉచ్చ బిగబట్టుకుని బండి నడిపాడు. డిపోలో ఉన్న ఒక్క మరుగుదొడ్డికీ తాళమే. దారిలో ఆపితే ఆలస్యమైందని మెమో ఇచ్చేవాళ్లు. ఆ మెమోలు రాసిన దొరలకి మాత్రం గదిలోనే బాత్రూమ్. ఇప్పుడు ఈయన రాత్రంతా లేస్తూనే ఉంటాడు, అయినా తెల్లారేసరికి పక్క తడిసే ఉంటుంది.

ఒక పొద్దున టిఫిన్ దగ్గర, అందరూ ఉండగానే కొడుకు అన్నాడు. "నాన్నా, పెళ్లికి మాట్లాడిన బస్సు కొత్తది. పూట ప్రయాణం. సీట్లో ఏమన్నా అయితే వియ్యాలవారి ముందు తలెత్తుకోలేం. నువ్వు ఇంటి దగ్గరుండు. ఫోన్లో చూద్దువుగాని."

మనవరాలి పెళ్లి ఫోన్లో చూడాలట! ఆ పిల్లని ఒళ్లో కూచోబెట్టుకుని స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన మనిషి. ఈ కొడుకు చిన్నప్పుడు ఎవరి పక్క తడిపాడో మర్చిపోయినట్టున్నాడు. వింటేనే ఒళ్లు మండిపోతుంది.

పెద్దాయన మాత్రం "అలాగే" అన్నాడు. మనసులో పెళ్లికి పొడిగా వెళ్లి తీరాలనుకున్నాడు. ముందు సాయంత్రం నీళ్లు మానేశాడు, తర్వాత పగలూ మానేశాడు. అయినా పక్క తడుస్తూనే ఉంది. చివరికొకనాడు కళ్లు తిరిగి వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు.

భార్య ఆయన్ని లేపి కూర్చోబెట్టింది. తడిసిన దుప్పటి ఉతికి భుజాన వేసుకుని మేడ మెట్లెక్కింది. కోడలు కంగారుగా వెనకాలే వచ్చింది.

"అత్తయ్యా, అది బయటొద్దు. వీధంతా వింటుంది."

"విననీవే. మనిషి ఎండిపోతుంటే దుప్పటి పరువు నాకెందుకు?"

గాలి తగలగానే దుప్పటి మొదలుపెట్టింది. "బాత్రూమ్‌లో గోడ పట్టుకుని నిలబడతాడు. కాళ్లు పీకుతున్నా ధార రాదు. వచ్చి పడుకున్నాక తెలీకుండానే కారిపోతుంది. నాలుక పిడచకట్టుకుపోయినా గుక్కెడు నీళ్లు తాగడు. పెళ్లికెళ్లాలట, పాపం."

కాసేపటికి ఎదురింటి హెడ్మాస్టరు గారి భార్య ఫ్యాన్ కింది దుప్పటి తెచ్చి, తడి తడిగానే తీగ మీద పరిచింది. ఆ పక్కింటావిడా తెచ్చింది. మేడలన్నీ నిండిపోయాయి. వీధినంతా గడగడలాడించిన మాజీ ఇన్‌స్పెక్టర్ గారి దుప్పటి అన్నిటికంటే నెమ్మదిగా మాట్లాడింది.

మెట్ల మీద నిలబడి అంతా విన్న కొడుకు, ఆ పూటే తండ్రిని ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

"ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి మూసేసింది, మూత్రం నిండిపోయి పొర్లుతోంది," అంది డాక్టరమ్మ. "రాత్రి పడుకోబోయే ముందు టీలూ నీళ్లూ తగ్గించమంటాం గాని, నోరు కట్టేసుకోమంటామా? ఇంకా ఆలస్యం చేసుంటే కిడ్నీలు పోయేవి. ఇంట్లో అంతమంది ఉండి ఏం చేస్తున్నారు?"



కొన్నాళ్లు మూత్రానికి ట్యూబు, తర్వాత మందులు. పెళ్లినాటికి పెద్దాయన తేరుకున్నాడు. లోపల మెడికల్ షాపులో కొన్న ప్యాడ్, సంచిలో ఇంకో ప్యాంటు పెట్టుకుని, బస్సులో డ్రైవరు వెనక సీట్లో దర్జాగా కూర్చున్నాడు. దారిలో పెట్రోలు బంకు కనబడగానే గొంతెత్తాడు.

"ఆపు బాబూ. ఇక్కడెవరూ మెమో ఇవ్వరు."

ఎవరూ నవ్వలేదు. నెరిసిన తలలన్నీ దిగి బాత్రూమ్ ముందు వరసకట్టాయి. పెద్దాయన వెనక, కాలు మీద కాలు మార్చుకుంటూ కొడుకు నిలబడ్డాడు. తలుపులేసి ఉన్న కొడుకు గదిలో పగలంతా ఫ్యాన్ ఎందుకు తిరుగుతుందో తండ్రికి అప్పుడు తెలిసింది.

"ఎప్పట్నుంచిరా?"

"ఏడాదవుతోంది నాన్నా."

"మరి చెప్పవేం? దుప్పటికున్నపాటి నోరు లేదూ నీకు?" అని కసిరి, వరసలో తన చోటు కొడుక్కిచ్చి వెనక్కి జరిగాడు.