షేరు గొట్టం

ఇల్లరికపు అల్లుళ్ళను లోకం చూసింది గానీ, ఇల్లరికపు మామను చూసింది ఒక్క వెల్డరే. భార్య తండ్రి ఆరేళ్ళ క్రితం రెండు సంచులతోనూ ఒక సమ్మెతోనూ వాళ్ళింటికి వచ్చాడు. సంచులు మంచం కిందికి వెళ్ళిపోయాయి. సమ్మె మాత్రం రోజూ సాయంత్రం భోజనాల దగ్గరికి వచ్చి కూర్చునేది.

మామగారు ఒకప్పుడు చేసిందీ, వెల్డరు ఇప్పుడు చేస్తున్నదీ ఒకే కంపెనీలో. అది నూనె శుద్ధి చేస్తుంది, గ్యాసు అమ్ముతుంది, ఎరువుల దగ్గర్నుంచి రంగుల దాకా సవాలక్ష రసాయనాలు తయారు చేస్తుంది. ముప్పై ఏళ్ళ క్రితం రసాయనాల వైపు కార్మికులు ఏడు నెలలు సమ్మె కట్టారు. మామగారి కథ ఎప్పుడూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగిసేది.

"మేం గేటు బయట కూర్చున్నాం అల్లుడూ. లోపల మెషిన్లు ఆగాయి. బయట షేరు పడింది. పడిందంటే అలా ఇలా కాదు, పాతాళానికి పడింది. అంతే, పెద్దలంతా కాళ్ళబేరానికి వచ్చారు."

మొదటి ఏడాది వెల్డరు శ్రద్ధగా విన్నాడు. రెండో ఏడాది మర్యాదకు విన్నాడు. ఆ తర్వాత విననే లేదు గానీ, చెవులు ఊరుకోవు కదా, కథంతా కంఠతా వచ్చేసింది. మామగారు దగ్గితే ఏ మాట దగ్గర దగ్గాడో కూడా చెప్పగలడు.

ఇలా ఉండగా కంపెనీ కొత్త ఆఫీసు కట్టింది. దాని ముందు హాల్లో ఒక గోడ సరిగ్గా నలభై ఎనిమిది అడుగులు వచ్చింది. కంపెనీ షేరు మార్కెట్లోకి వచ్చి కూడా నలభై ఎనిమిదేళ్ళే అయింది. ఈ రెండూ కలవడం చూసి పైవాళ్ళలో ఎవరికో పూనకం వచ్చింది. ఏడాదికి ఒక అడుగు చొప్పున, ఇన్నేళ్ళూ షేరు ధర ఎలా పెరిగిందో, ఎలా తగ్గిందో ఆ గోడ మీద గీతలా కనబడాలన్నారు. రంగుతో గీస్తే సరిపోదట. పైపుల మీద బతికే కంపెనీ కాబట్టి ఆ గీతను పైపుతోనే వంచాలట. హాలు ప్రారంభం రోజున ఉద్యోగుల కుటుంబాలన్నింటినీ పిలుస్తారట.

పని వచ్చి వెల్డరు మెడకు చుట్టుకుంది. ప్రచార విభాగంలో పనిచేసే ఆఫీసరమ్మ ఒక పొడవాటి కాగితం చుట్ట తెచ్చి వర్క్‌షాపు నేల మీద పరిచింది. దాని మీద గీత రంపం పళ్ళలా ఎగుడుదిగుడుగా ఉంది.

"మేడం, ఇది పైపు. దారం కాదు," అన్నాడు వెల్డరు.

"నాకు తెలుసండీ. వాళ్ళకి తెలియదు," అంది ఆవిడ నీరసంగా.

ఆవిడ మీద కోప్పడడానికి అతనికి మనసొప్పలేదు. అది మరీ చిరాకు. చిరాకు పడ్డానికి ఎదురుగా ఒక మనిషైనా ఉంటే పని కొంచెం తేలిగ్గా నడుస్తుంది. పదిహేనేళ్ళుగా పైపులు వేస్తున్నాడు. పైపు అంటే ఒక చోట నుంచి ఇంకో చోటికి ఏదో ఒకటి మోసుకెళ్ళాలి. ఎక్కడికీ వెళ్ళకుండా, ఏమీ మోయకుండా, గోడ మీద ఊరికే ఎక్కీ దిగీ కులికే పైపును అతను చూడలేదు.

మామగారికి మాత్రం పండగొచ్చినట్టయింది.

"మా సమ్మె గుంట లోతుగా చెయ్యి అల్లుడూ. నేల తాకాలి," అన్నాడు. పదేళ్ళ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని, "ఆ గుంట మీ తాతదే. నీకు చూపిస్తా. నీ ఫ్రెండ్స్‌ని కూడా తీసుకురా," అన్నాడు. పాత యూనిఫారం చొక్కా బయటికి తీసి, కూతురి చేత గుండీలు కుట్టించుకున్నాడు. ఆరోజు నుంచి వెల్డరు ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న. "ఎంతదాకా వచ్చింది?" ఈ ప్రశ్నకు భయపడి అతను రెండు రోజులు వీధి చివర బెంచీ మీద కూర్చుని మరీ ఆలస్యంగా ఇంటికి వెళ్ళాడు.

పన్నెండు అడుగులు పూర్తయ్యేసరికి ఆఫీసరమ్మ ఇంకో కాగితం చుట్ట పట్టుకుని వచ్చింది. ఆవిడ ముఖం చూడగానే వెల్డరుకు అర్థమైంది.

"మధ్యలో ఒకసారి కంపెనీ ఒక్కో షేరును పది ముక్కలు చేసిందండీ. కాబట్టి అంతకుముందు ధరలన్నింటినీ పదో వంతు చేసి చూపించాలట. అప్పటి ఎనిమిది వందల్ని ఇప్పుడు ఎనభై అనాలి."

"అప్పుడు ఎనిమిది వందలే కదా?"

"ఎనిమిది వందలే."

"మరి ఎనభై అని ఎందుకనాలి?"

"ముక్కలు చేశారు కదండీ. ఒక రొట్టెను పది ముక్కలు చేస్తే ముక్క ధర తగ్గుతుంది, రొట్టె తగ్గదు."

"రొట్టె సంగతి సరేనండీ. నేను వంచిన పైపు సంగతి ఏంటి?"

ఆవిడ కొత్త కాగితాన్ని నేల మీద పరిచింది. వెల్డరు పన్నెండు అడుగుల పైపునూ కోసి పారేశాడు. కొత్త కాగితం ప్రకారం ఎడమవైపు సగం గోడ అంతా గీత నేలబారుగా పాకుతోంది. కుడివైపుకు వెళ్ళాక మాత్రం కప్పును గుద్దుకునేలా లేస్తోంది. ఎడమవైపు అణిగిపోయిన చిన్నచిన్న గంట్లను వంచడం పైపుతో అయ్యే పని కాదనీ, అంగుళం కన్నా చిన్నవి వదిలేద్దామనీ అతనే అన్నాడు. ఆవిడ సంతోషంగా ఒప్పుకుని, వాటిని కాగితం మీద కూడా చెరిపేసింది. ఇద్దరికీ పని తగ్గింది.

సమ్మె జరిగిన పద్దెనిమిదో అడుగు దగ్గరికి వచ్చినప్పుడు వెల్డరు కాగితం మీద మోకాళ్ళ మీద కూర్చుని గుంట కోసం వెతికాడు. గుంట లేదు. గీత నెమ్మదిగా, శుభ్రంగా, పైకి పోతోంది. తప్పు అడుగు దగ్గర చూస్తున్నానేమో అనుకుని మళ్ళీ కొలిచాడు. చివరికి ఆఫీసరమ్మను అడిగాడు. ఆవిడ కంప్యూటర్లో పాత ధరలన్నీ తీసింది.

"సమ్మె నెలలు ఇవేనండీ. పెరిగింది. ఆ యూనిట్ ఆగాక మార్కెట్లో సరుక్కి కరువొచ్చిందట, గోడౌన్లో ఉన్నదంతా రెట్టింపు ధరకి అమ్మారట. పైగా ఏడు నెలల జీతాలు మిగిలాయి."

వెల్డరుకు మొదట కలిగింది సంతోషమే, ఉన్నమాట చెప్పుకోవాలి. ఆరేళ్ళ భోజనాలు గుర్తొచ్చాయి. ఈ ఒక్క ముక్కతో ముసలాయన నోరు మూతపడుతుంది. కానీ ఇంటికి వెళ్తే గుమ్మం దగ్గర యూనిఫారం చొక్కా ఇస్త్రీ చేసి తగిలించి ఉంది. సంతోషం అక్కడే చచ్చింది. చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. అసలు ఆ రోజు ఆయన్ని హాలుకు రాకుండా ఎలా ఆపాలా అని ఆలోచించడం మొదలుపెట్టాడు.

ఆ ఒట్టు రెండు రోజులు నిలిచింది. మూడో రోజు భోజనాల దగ్గర మామగారు, "లోతు ఎంత పెట్టావ్? పైవాళ్ళకి భయపడి తగ్గించలేదు కదా? మీ తరానికి వెన్నెముక లేదు అల్లుడూ," అన్నాడు.

పొద్దుట్నుంచీ గ్రైండర్ పట్టుకుని నడుం విరిగిన మనిషితో వెన్నెముక మాట ఎత్తకూడదు. వెల్డరుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గుంట లేదు మామయ్యా! మీ సమ్మెలో షేరు పడలేదు, పెరిగింది. మీరు గేటు బయట ఎండలో మాడుతుంటే వాళ్ళు లోపల లాభాలు లెక్కపెట్టుకున్నారు. నెలనెలా పెరిగింది. పాతాళం లేదు, గీతాళం లేదు!"

మామగారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. చేయి కడుక్కుని వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మీ నోట్లో ఏం పెట్టాలి?" అంది భార్య. "ఆయన మన డబ్బు అడిగాడా, ఆస్తి అడిగాడా? ఒక్క కథ చెప్పుకుంటున్నాడు. అది కూడా మీకు బరువైందా?"

"నాకు తెలుసు. నేను గాడిదని."

"తెలిసి ఏం లాభం?" అంది ఆవిడ.

ఆ తర్వాత భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఏ నిశ్శబ్దం కోసం ఆరేళ్ళు పళ్ళు కొరికాడో ఆ నిశ్శబ్దం వచ్చి కూర్చుంటే వెల్డరుకు ముద్ద దిగలేదు. చొక్కా మళ్ళీ సంచిలోకి వెళ్ళిపోయింది. మనవరాలు రెండుసార్లు తాతను కథ అడిగి, ఆయన లేదనడంతో అలిగింది. నాలుగో రోజున వెల్డరు వీధి గుమ్మంలో బూట్లు విప్పుకుంటుంటే మామగారు వచ్చి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"మా లీడరు రోజూ సాయంత్రం స్టూలెక్కి చెప్పేవాడు అల్లుడూ. ఇవాళ షేరు ఇంత పడింది, ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టండి అని. మాలో ఎవడికి తెలుసు షేరంటే ఏంటో? పడిందంటే పడిందనుకున్నాం."

వెల్డరు రెండో బూటు విప్పడం ఆపేశాడు.

"జీతం లేదు కదా. మీ అత్త పదిళ్ళ బట్టలు ఉతికి తెస్తే తిన్నాం. నేను ఇంటికెళ్ళి చేతిలో పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఈ మాటే తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. ఇవాళ బాగా పడిందే, అయిపోవచ్చింది అని. నమ్మేది పిచ్చిది." మెట్టు మీద కాస్త దగ్గరికి జరిగాడు. "ఒక్కటి కనుక్కుంటావా? ఒప్పందం మీద సంతకాలు పెట్టిన రోజు ఎంతుంది? జీతాలు పెంచారు, స్నానాల గదులు కట్టారు, పొగలో పనిచేసేవాళ్ళకి మాస్కులిచ్చారు. ఆ రోజు కూడా పెరిగిందా?"

మర్నాడు వెల్డరు పొద్దున్నే ఆఫీసరమ్మ బల్ల ముందు నిలబడ్డాడు. ఆవిడ ధరలు తీసి చూసింది. వేలు ఒకచోట ఆగింది.

"ఆ రోజు పడిందండీ. బాగానే పడింది. గోడౌన్ ఖాళీ అయ్యాక కంపెనీ దిగొచ్చింది కదా, ఖర్చు పెరుగుతుందని భయపడి జనం షేర్లు అమ్ముకున్నట్టున్నారు. ఒక నెల పాటు కిందే ఉంది, మళ్ళీ లేచింది."

"మరి కాగితం మీద లేదే?"

"మొదట ఉండేదండీ. పది ముక్కలు చేశాక జానెడు గుంట కాస్తా బొటనవేలంత అయింది." ఆవిడ గొంతు తగ్గించింది. "అంగుళం కన్నా చిన్నవి వదిలేద్దామన్నాం కదా. మీరే అన్నారు."

అతనే అన్నాడు. తన చేత్తోనే దాన్ని నున్నగా చేసి, పైన రంగు కొట్టించి, గోడకు బిగించాడు. ఎల్లుండే ప్రారంభం. వెల్డరు తన నెత్తిన తానే ఒకటి మొట్టుకుని, నిచ్చెన తెచ్చి, గ్రైండర్ ఆన్ చేశాడు.

"అయ్యో, ఏం చేస్తున్నారు? రంగు పోతుంది! వాళ్ళు చూస్తే నన్ను చంపేస్తారు!"

"ఉన్నదే పెడుతున్నాను మేడం. వాళ్ళు ఒప్పుకున్న ధరే. కావాలంటే మీ కంప్యూటర్ చూపించండి."

ఆవిడ నిచ్చెన కింద తల పట్టుకుంది. తర్వాత వెళ్ళి రంగు డబ్బా తెచ్చింది. పైపు పైభాగం కోసి, చిన్న రేకులు అతికి గాటు చేసేసరికి అతని రెండు వేళ్ళు కాలాయి. జీవితంలో ఇంత చిన్న పనికి ఇంత పెద్ద తిట్లు అతను ఎన్నడూ తిట్టలేదు.

ప్రారంభం రోజున మామగారిని బతిమాలి తీసుకెళ్ళాల్సి వచ్చింది. చొక్కా వేసుకోనన్నాడు, చివరికి మనవరాలి కోసం వేసుకున్నాడు. హాలంతా కుటుంబాలు. పైవాళ్ళు మాట్లాడుతూ కుడివైపు చూపించారు, అందరూ కప్పు దగ్గరి పైపును చూసి చప్పట్లు కొట్టారు. వెల్డరు మామగారిని ఎడమవైపు పద్దెనిమిదో అడుగు దగ్గరికి నడిపించాడు. ముసలాయన వంగి, పైపు మీద చేయి పెట్టి, తడుముకుంటూ పోయి గాటు దగ్గర ఆగాడు. బొటనవేలు అందులో పెట్టాడు. వేలు సరిగ్గా పట్టింది.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే మామయ్యా."

"ఏడు నెలలకి ఇంతేనా?"

మనవరాలి స్నేహితురాళ్ళు ముగ్గురు, కొత్త యూనిట్లో చేరిన కుర్ర కార్మికులు నలుగురు చుట్టూ చేరారు. "ఇది ఏంటి తాతయ్యా?" అని అడిగింది మనవరాలు. ముసలాయన నోరు తెరవలేదు. వేలు తీయలేదు. వెల్డరుకు భయం వేసింది. ఈ మనిషి ఇక జన్మలో మాట్లాడడేమో అనిపించింది.

"ముప్పై ఏళ్ళ క్రితం," అని వెల్డరు గట్టిగా మొదలుపెట్టాడు, "మీ తాతయ్యా వాళ్ళూ గేటు బయట కూర్చున్నారు. లోపల మెషిన్లు ఆగాయి." మామగారి మాటలే, మామగారి వరసలోనే, ఆయన దగ్గే చోట తనూ ఒకసారి దగ్గి చెప్పుకుపోయాడు. కుర్రవాళ్ళు వింటున్నారు. భార్య దూరం నుంచి నోరు వెళ్ళబెట్టి చూస్తోంది. ముసలాయన మాత్రం కదల్లేదు. వెల్డరుకు ఒళ్ళు మండింది. కావాలనే తప్పు చెప్పాడు.

"అలా ఐదు నెలలు—"

"ఐదా?" మామగారు చటుక్కున తలెత్తాడు. "ఐదేంటి, ఏడు! ఆరేళ్ళు చెప్పాను కదయ్యా, ఈ ముక్క కూడా చెవికెక్కలేదా? తప్పుకో, నువ్వు తప్పుకో." అల్లుణ్ణి మోచేత్తో పక్కకు నెట్టి పిల్లల వైపు తిరిగాడు. "ఏడు నెలలు. మా లీడరు రోజూ సాయంత్రం స్టూలెక్కి షేరు పడిందని అబద్ధం చెప్పేవాడు. జీతం లేదు. ఆ అబద్ధం తినే మేము, మా ఆడవాళ్ళు నిలబడ్డాం. చివరికి వాళ్ళు సంతకం పెట్టారు. ఇదిగో, పెట్టిన రోజు. చెయ్యి పెట్టి చూడు తల్లీ."

మనవరాలు గాటులో వేలు పెట్టింది. వెనక ఒక కుర్రవాడు, "నన్నూ చూడనివ్వండి," అంటూ ముందుకు వచ్చాడు.