బొంత వెనకవైపు

“ఆ బొంత తీస్తే పళ్ళెం పెట్టుకుంటాను” అన్నాడు నాన్న, చేతులు కడుక్కుని వస్తూ.

కుడుతున్న గీత సగంలోనే అమ్మ దారం కత్తిరించింది. కుర్చీ వెనక్కి జరిపి, బొంతని చుట్ట చుట్టి, భుజాన వేసుకుని వెళ్ళి మంచం మీద పడేసింది. మిషను ఎత్తి గోడవార పెట్టింది. బల్ల తుడిచింది, పళ్ళెం పెట్టింది. నాన్న చేతుల తడి తుడుచుకునేలోపే ఇదంతా అయిపోయింది. మా ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. దాని మీదే తింటాం. దాని మీదే నేను చదువుకుంటాను. ముందుగదిలో నాన్న పేరుబోర్డుల షాపుకి చోటు చాలనప్పుడు బోర్డులు కూడా దీని మీదికే వస్తాయి. అందరి పనులూ అయ్యాక మిగిలిన బల్ల అమ్మది.

అమ్మ కుట్టేది మామూలు కుట్టు కాదు. మిషనులో గుడ్డని ముందుకు లాగే ఇనుప పళ్ళుంటాయి. అమ్మ వాటిని కిందికి దించేస్తుంది. ఇక గుడ్డ తనంతట తాను కదలదు. పైగుడ్డ, మధ్యన దూది పొర, కింద అస్తరు, మూడూ పిన్నీసులతో కలిపిన మంచమంత బొంతని అమ్మ తన రెండు చేతులతోనే నడపాలి. ఎడమచేత్తో ఒక దళసరి స్కేలుని బొంత మీద నొక్కి పట్టుకుంటుంది. సూది చుట్టూ గుడ్డని నొక్కి ఉంచే మిషను ఫుట్ చిన్న గిన్నె అంచులా గుండ్రంగా ఉంటుంది. దాన్ని స్కేలు అంచుకి ఆనించి, కుడిచేత్తో బొంతని తోస్తుంది. కాలు మోటారుని ఎంత వేగంగా తిప్పితే చేతులు అంతే వేగంగా కదలాలి. చెయ్యి తొందరపడితే కుట్లు పొడుగైపోతాయి, కాలు తొందరపడితే ఒకచోటే గుమిగూడతాయి. ఇది ఎవరూ నేర్పలేదు అమ్మకి. మిషను బాగుచేసే ఆయన దగ్గర ఆ గిన్నె ఫుట్ చూసి, “ఇదెందుకు?” అని అడిగిందట. “తెలీదమ్మా, మిషనుతో పాటు వచ్చింది, ఎవరూ వాడరు” అన్నాడట. తెచ్చుకుంది.

మొదట్లో నా జ్యామెట్రీ పెట్టెలోని స్కేలే వాడింది. అది పల్చన. ఫుట్ దాని మీదికి ఎక్కేసింది. సూది విరిగి, ముక్క అమ్మ కనుబొమ్మ పక్కనుంచి దూసుకుపోయింది. “కన్ను పోయుంటే ఇంట్లో పని ఎవరు చేస్తారే?” అంది నాయనమ్మ. కన్ను సంగతి మాత్రం అడగలేదు. మర్నాడు అమ్మ నాన్న షాపులో చెత్తబుట్ట వెతికింది. అక్షరాలు కోయగా మిగిలిన గాజులాంటి ప్లాస్టిక్ ముక్కలు, వేలి మందం ఉన్నవి, ఏరుకొచ్చింది. ఆకురాయితో అరగదీసి, వాటిలోంచి తనకి కావలసిన వంపులు తీసింది. పెద్ద వంపు, చిన్న వంపు, ఆకు, నీటిబొట్టు. జారకుండా అడుగున గరుకు కాగితం అంటించింది. “నా చెత్తబుట్ట కూడా వదలవా?” అని నవ్వాడు నాన్న. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులో చెత్తబుట్టలోంచే తెచ్చుకోవాల్సి వచ్చిందన్న మాట కూడా ఉందేమోనని నాకు చాలా రోజుల తర్వాత అనిపించింది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది పావంగుళం. సూది ఫుట్‌కి మధ్యలో ఉంటుంది, స్కేలు ఫుట్ బయటి అంచుకి తగులుతుంది. అందుకని గీత ఎక్కడ పడాలో అక్కడ స్కేలు పెడితే కుట్టు పక్కన పడుతుంది. పావంగుళం ఇవతల పెట్టాలి. ఈ సంగతి అమ్మ చెప్పిన రోజు నాకు ఏ పనీ తోచలేదు. అమ్మ కళ్ళు ఎప్పుడూ గీత పక్కన ఉంటాయి, గీత మాత్రం సరిగ్గా పడాల్సినచోటే పడుతుంది. అమ్మ అందరికీ వడ్డిస్తూ, కింద పడ్డవి తీస్తూ, నాయనమ్మ మాటకి ఊఁ కొడుతూ కూడా మనసులో ఎక్కడో ఒకచోట తన గీతని నడుపుకుంటూనే ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. నేను అదే ఇంట్లో పదహారేళ్ళుగా ఉన్నాను. అంత దగ్గర్నించి చూస్తూ కూడా అమ్మంటే వంటిల్లే అనుకున్నాను.

పోయిన నెల కుట్టు బడి పెద్దావిడ కబురు పెట్టింది. మిషను మీద బొంతలు కుట్టడం నేర్పడానికి వాళ్ళకి ఒక టీచరు కావాలట. అమ్మ కుట్టిన చిన్న దుప్పటి ఎవరింట్లోనో చూసిందట. మంచానికి సరిపడే బొంత ఒకటి పూర్తిచేసి పెడితే, వచ్చే నెల మొదటి శనివారం వచ్చి చూసి ఏ సంగతో చెబుతానంది.

“నువ్వు టీచరువా?” అన్నాడు నాన్న. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“అయితే బెత్తం కొనాలి” అంది మా అత్తయ్య. నాన్నకి చెల్లెలు, అప్పుడే కొన్నాళ్ళు ఉందామని వచ్చింది. “ఖాళీగా కూర్చోలేక కుట్టుకుంటోంది గానీ, దీనికి కూడా టీచర్లుంటారా వదినా?”

అమ్మ ఖాళీగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ మాట అనడానికి నా గొంతు లేవలేదు. నాకు ఎప్పుడూ అంతే, మాట వచ్చేసరికి గదిలో వేరే సంగతి మొదలైపోతుంది.

ఆ శనివారానికి ముందు బుధవారం బొంత మడత పెడుతూ వెనకవైపు చూశాను. అస్తరు నిండా ముళ్ళు. గీత మధ్యలో లేవాల్సి వచ్చినప్పుడల్లా అమ్మ దారం కత్తిరించి, వెనక్కి లాగి ముడి వేస్తుంది, లేకపోతే కుట్టు ఊడిపోతుంది. సూది గుడ్డలోనే దించి వదిలి లేవచ్చు కదా అంటే, “బొంత బరువుకి జారి సూది వంగుతుంది, అయినా బల్ల ఖాళీ చెయ్యాలిగా” అంది. అంతా అయ్యాక ఆ కొసల్ని చేతిసూదికి ఎక్కించి దూదిలోకి దోపేస్తే ఎవరికీ కనిపించవు. ఇన్నేళ్ళూ అమ్మ అలాగే దోపేసింది. నేను లెక్కపెట్టబోయి ఆపేశాను. కళ్ళు మూసుకుని చేత్తో తడిమితే ఎక్కడా ఒక జానెడు మేర నున్నగా లేదు.

మధ్యలో గుండ్రం ఒక్కటే మిగిలింది. ఇరవై నాలుగు రేకుల పువ్వు. రేకు పక్కన రేకుగా గీత తిరిగి తిరిగి మొదలైనచోటికే వచ్చి కలవాలి. ఒక్కో రేకు దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా, అన్నీ కలిసి చివరి రేకు దగ్గర పువ్వు నోరు తెరుచుకుంటుంది. “ఇది మధ్యలో ఆపితే చేతికి వేగం తప్పుతుంది. మళ్ళీ కూర్చున్నాక అదే చెయ్యి రాదు” అంది అమ్మ. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, మిషను అడుగున ఉండే బాబిన్‌కి దారం నిండుగా చుట్టుకుంది. నన్ను బల్లకి అవతల నిలబెట్టి, బొంత బరువంతా నా చేతుల మీద వేసింది. “నువ్వు కదిలితే ఇది జారుతుంది. ఏం జరిగినా కదలకు” అంది. ఏం జరుగుతుందో అమ్మకి ముందే తెలుసు.

మూడో రేకు దగ్గర నాన్న షాపులోంచి కేకేశాడు. “ఏమోయ్, ఇద్దరొచ్చారు, టీ!”

అమ్మ సూది దించి, వంపు స్కేలు తిప్పి, మళ్ళీ ఆనించింది. మిషను మొదలైంది.

“వదినా, నా ఫోను వైరు ఎక్కడ పెట్టావ్?”

ఏడు. ఎనిమిది. అమ్మ పెదవులు లెక్క మాత్రమే చెబుతున్నాయి. పిలుపు వినబడితే లేవని అమ్మని నేను ఎప్పుడూ చూడలేదు. ఏదో తప్పు జరుగుతున్నట్టు, పక్కనుంచి నేనే దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది.

“అమ్మాయ్! ఇంట్లో ఉన్నావా, లేదా?” నాయనమ్మ.

“ఉందమ్మా, మిషను మోగుతూనే ఉంది. బొంతలో మిగిలిన దూది చెవుల్లో పెట్టుకుందేమో” అంది అత్తయ్య. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత నవ్వు కూడా ఆగిపోయింది, ఎందుకంటే జవాబు ఇంకా రాలేదు.

పదమూడో రేకు దగ్గర నాన్న గుమ్మంలోకి వచ్చాడు. నోరు తెరిచాడు. అమ్మ చేతుల్ని చూశాడు. గాజులాంటి ఆ చిన్న ముక్క అమ్మ వేళ్ళ కింద ఒక్కో రేకు దగ్గరా ఆగడం, తిరగడం, ఆనుకోవడం, దాని పక్కనుంచి తెల్లటి గీత నీళ్ళలా సాగిపోవడం చూశాడు. నాన్న ఇరవై ఏళ్ళుగా అక్షరాల వంపులు కోస్తున్నాడు. వంపు ఎక్కడ చెడుతుందో ఆయనకి తెలుసు. పదిహేను, పదహారు, పదిహేడు. నాన్న “టీ” అని మాత్రం అన్నాడు, అదీ తనలో తాను అనుకున్నంత నెమ్మదిగా. ఆ తర్వాత వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇరవై మూడు తర్వాత అమ్మ ఊపిరి బిగపట్టింది. నేనూ బిగపట్టాను. ఇరవై నాలుగో రేకు వంగి, దిగి, మొదటి కుట్టు వేసిన రంధ్రం దగ్గరికి వచ్చింది. సూది సరిగ్గా అందులోకి దిగింది. అమ్మ కాలు తీసేసింది. నాకు ఏడుపు వచ్చింది, ఎందుకో చెప్పలేను. పొద్దున్నే లేచి గచ్చు కడిగే చేతులే అవి. ఇంతటిది చేయగలిగే చేతులకి మేం ఇన్నాళ్ళూ పళ్ళేలు అందించామా అనిపించింది.

శనివారం పొద్దున చేతిసూది తెచ్చి, వెనక కొసలు దోపుదామని కూర్చున్నాను. అమ్మ వచ్చి సూది తీసుకుంది. “ఉండనీ” అంది.

సాయంత్రం నాలుగింటికి కుట్టు బడి పెద్దావిడ వచ్చింది. సన్నటి మనిషి, మెడలో కొలతల టేపు. బొంతని మంచం మీద పరిచాం. నాన్న ముందుకొచ్చి, “బల్ల మీది ఆ వంపు ముక్కలన్నీ మా షాపు సరుకేనండీ” అన్నాడు. ఆవిడ తలాడించి, పైవైపు ఒక్క క్షణం చూసి, బొంతని తిరగేసింది.

“అటు ఏముందండీ, పైన చూడండి” అంది అత్తయ్య.

“పైన అందరూ బాగానే కుడతారు” అందావిడ. అస్తరు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా జరిపింది. “ఇన్నిసార్లు ఆపారేంటి?”

అమ్మ బొంత దగ్గరికి వెళ్ళి ఒక ముడి మీద వేలు పెట్టింది.

“ఇది తువ్వాలు” అంది. గొంతులో కోపం లేదు. పిల్లలకి పాఠం చెప్పినట్టుంది. “ఇది టీ. ఇదీ టీయే, ఆ రోజు రెండోసారి. ఇది మా అత్తగారి కళ్ళజోడు, ఆవిడ నెత్తి మీదే ఉంది. ఇది బల్ల ఖాళీ చెయ్యడానికి. ఇక్కడ వరసగా మూడు, ఆదివారం చుట్టాలొచ్చారు. ఇది ఆయన చొక్కా బొత్తాం. ఇది... ఇది ఊరికే పిలిచారు, వెళ్తే ఏమీ లేదన్నారు.”

అమ్మకి అన్నీ గుర్తున్నాయి. ఒక్కటీ తడుముకోలేదు. నాయనమ్మ చెయ్యి కళ్ళజోడు దగ్గరికి వెళ్ళి కిందికి దిగింది. నాన్న బొంత వెనకవైపు మొత్తం చూస్తున్నాడు, అంచు నుంచి అంచు దాకా. అంత పెద్ద బోర్డు తన షాపులో ఎప్పుడూ చెయ్యలేదన్నట్టు చూస్తున్నాడు.

పెద్దావిడ వేలు మధ్యలో గుండ్రం చుట్టూ తిరిగింది. “మరి ఇక్కడ ఒక్కటీ లేదే. ఎవరూ పిలవలేదా?”

“పిలిచారు” అంది అమ్మ. “నేను లేవలేదు.”

ఆవిడ బొంతని మళ్ళీ పైకి తిప్పి, సరిచేసింది. “సోమవారం పదింటికి రండి” అంది. “ఆ ముక్కలు కూడా తెచ్చుకోండి. పిల్లలకి అవి చెయ్యడం ముందు నేర్పాలి.”

ఆవిడ వెళ్ళాక నాయనమ్మ, “మరి ఇంట్లోనో?” అంది. ఎవరిని అడిగిందో తెలియలేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అందరి చూపులూ నా మీదికి వచ్చి ఆగాయి. అత్తయ్య నా భుజం తట్టి, “మా బంగారు తల్లి ఉందిగా” అంది. ఆ మాట అంత ప్రేమగా అనడం నేనెప్పుడూ వినలేదు. ఆ చెయ్యి కిందనుంచి నా భుజం జరుపుకున్నాను.

సోమవారం అమ్మ చేతిసంచిలో ప్లాస్టిక్ ముక్కలు చప్పుడు చేస్తుంటే వీధి మలుపు తిరిగింది. వెనక్కి చూడలేదు. నా బడికి సెలవులు. వెళ్ళేముందు అమ్మ మిషనుకి దారం ఎక్కించి, ఒక వంపు ముక్క, తలగడంత గుడ్డ నా కోసం బల్ల మీద పెట్టింది. కూర్చున్నాను. మిషను పళ్ళు దించాను. పావంగుళం ఇవతల ముక్క పెట్టి నొక్కాను. మొదటి వంపు కోడిపిల్ల నడకలా వచ్చింది. రెండోది కొంచెం నయం. మూడో వంపు మధ్యలో ఉండగా షాపులోంచి కేక.

“ఏమోయ్, నీళ్ళు!”

అమ్మ ఇంట్లో లేదని తర్వాత గుర్తొచ్చినట్టుంది. “చిట్టీ, నువ్వైనా పట్రా!”

నా కాలు దానంతట అదే లేచిపోబోయింది. పదహారేళ్ళ అలవాటు. సూది గుడ్డలో ఉంది. నేను కాలు అక్కడే ఉంచి, జీవితంలో ఎప్పుడూ మాట్లాడనంత గట్టిగా అన్నాను. “గీత మధ్యలో ఉన్నా నాన్నా. నువ్వే తీసుకో.”

షాపులో ఏదో కింద పెట్టిన చప్పుడు. నాన్న అడుగులు నా వెనకనుంచి వంటింట్లోకి వెళ్ళాయి. ఒక అలమర తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఇంకోటి తెరుచుకుంది. గిన్నెలు అటూ ఇటూ జరిగాయి.

“చిట్టీ” అన్నాడు నాన్న. ఈసారి కేక కాదు. “గ్లాసులు ఎక్కడుంటాయమ్మా?”

ఈ ఇంట్లోనే పుట్టి, నలభై ఐదేళ్ళుగా ఇక్కడే నీళ్ళు తాగుతున్నాడు మా నాన్న. నేను మూడో వంపు ముగించి, స్కేలు తిప్పి, నాలుగో వంపు మొదలుపెట్టాను. ఆయన వెతుక్కుంటూనే ఉన్నాడు.