ఆస్పత్రికో కొలబద్ద

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్లంటారు. ఉండదా మరి! తుంటి కీలు, మోకాలి కీలు మార్పించుకున్నవాళ్లను మళ్లీ నడిపించడం నా పని. కొత్త పద్ధతి ఏదైనా వస్తే అది పాతదానికంటే మేలో కాదో తేల్చడానికి డాక్టర్లు పరీక్షలు పెడతారు. పెట్టనీ, సంతోషం. కానీ ఒకరు నొప్పి ఎంతని అడుగుతారు, ఒకరు మెట్లెక్కగలరా అంటారు, ఇంకొకరు మోకాలు ఎంత వంగిందో కొలిచి ఇంటికి పంపేస్తారు. ఎవరికి వారే యమునా తీరే. వీటన్నిటినీ కలిపి ఒక్క మాట తేల్చమంటే ఎవరి తరం?

అందుకే ఆ రోజు అన్ని ఆస్పత్రుల డాక్టర్లతో సభ. ఇకమీదట అందరూ ఒకే సంగతుల్ని ఒకే తీరున కొలవాలని తీర్మానం చేయించాలన్నది నా పట్టుదల. దానికి అడ్డం పడింది ఎవరో కాదు, మా అన్నయ్య.

అన్నయ్య కీళ్ల సర్జన్. నొప్పి కొలవడానికి సొంతంగా ఒక ప్రశ్నల కాగితం తయారు చేసుకున్నాడు. దాని జోలికెళితే ఊరుకోడు, పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. మోకాలి దగ్గర కండరాన్ని కోయకుండా పక్కకు జరిపి కీలు అమర్చే పద్ధతి కూడా అతనికి అంతే ఇష్టంగా ఉండేది. రెండేళ్ల కిందట చాలా ఆస్పత్రుల లెక్కలు కలిపి చూస్తే, ఆ పద్ధతిలో చేయించుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువని తేలింది. తెర మీద ఆస్పత్రికో చుక్క, మధ్యలో గీత; గీతకు చెడ్డవైపున ఒంటరిగా పడ్డ ఒక చుక్క మొత్తం లెక్కనే తనవైపు లాగేసింది. అది మావాడిది. లెక్క తేలేదాకా ఆపరేషన్ చేసిన డాక్టరు మార్కులు చూడకూడదన్నది ఈ పరీక్షల నియమం కాబట్టి, అతనికి అందిన మొదటి కబురూ ఆ చుక్కే. ఆ రోజుతో పద్ధతి మానేశాడు.

మానేస్తే సరిపోయేది. కానీ అమ్మ రెండు మోకాళ్లూ ఆ పద్ధతిలో అతనే మార్చాడు. అప్పట్నుంచి అమ్మ కుర్చీలోంచి లేస్తే చాలు, మొహం తిప్పుకునేవాడు. "కన్నతల్లి కాళ్లు పాడుచేశానే" అని ఒకసారి నా దగ్గర బావురుమన్నాడు. డాక్టరు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు, నేనూ కూర్చుని ఏడ్చాను.

సభలో వాదనలతో తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరి కాగితం వాళ్లకు బంగారం. చివరికి నేనే లేచాను.

"మీమీ ఆస్పత్రి కాగితం మీద మీ మోకాళ్లకే మార్కులు వేసుకోండి. అన్నీ కలిపితే ఏమవుతుందో కళ్లారా చూద్దురుగాని!"

లెక్కలు కలిపే పెద్దమనిషిని మేం దశాంశంగారంటాం. టీ బాగుందా అని అడిగినా చుక్క తర్వాత రెండంకెలతో జవాబిచ్చే మనిషి. ఆయన అందరి మార్కులూ కంప్యూటర్లో వేశారు. తెర మీద చుక్కలన్నీ మంచివైపు గుంపుగా చేరాయి. ఒక్కటి మాత్రం ఆ చివరెక్కడో పడింది.

"డాక్టరుగారూ, హాల్లోకెల్లా అధ్వానమైన మోకాలు మీదేనండీ!" అన్నారు దశాంశంగారు.

"అయ్యో, ఎలా నడిచొచ్చారండీ? మోసుకొచ్చారా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది.

అన్నయ్య భగ్గుమన్నాడు. "నా మోకాలికేం? నిక్షేపంలా ఉంది! అందుకే సున్నా వేశాను."

"సున్నా అంటే భరించలేని నొప్పి కదండీ? వంద అంటే హాయి."

"అది మీ దగ్గరేమో! నా కాగితంలో సున్నా అంటే నొప్పి లేదని. లేనిదానికి సున్నా కాక మరేం వేస్తారు?"

రెండేళ్ల కిందటి ఆ ఒంటరి చుక్క నాకు గుర్తొచ్చింది. దశాంశంగారి వైపు చూశాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రెండేళ్ల కిందట కలిపింది కూడా ఇలాగేనా?" అన్నాను.

"ఇలాగేనమ్మా. అందరి కాగితాల్లోనూ మార్కు ఎక్కువైతే మంచిదనే అనుకున్నాం."

"అనుకున్నారా! ఒక్క ఫోన్ కొట్టి అడగడానికి నోరు రాలేదా?" నా ఒళ్లు మండిపోయింది. అక్కడితో ఆగానా, అన్నయ్య మీదికీ లేచాను. "నువ్వేమన్నా తక్కువ తిన్నావా? ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి!"

అన్నయ్య కుర్చీ పట్టుకుని నిలబడి తెర వంకే చూస్తున్నాడు.

దశాంశంగారు పాత లెక్కలు తెరిచి, అన్నయ్య మార్కుల్ని తలకిందులుగా తిప్పి, మళ్లీ కలపమని మీట నొక్కారు. టీ తాగేవాళ్లు కప్పులు కింద పెట్టేశారు. తెర ఒక్క క్షణం ఖాళీ అయింది. అన్నీ కలిపిన చుక్క వచ్చింది. గీత దాటింది! ఎంతో దూరం పోలేదు, కాస్త అవతలికే. కానీ మంచివైపుకి!

"మేలేనండీ! మీ పద్ధతే కాస్త మేలు!" అని అరిచారు దశాంశంగారు. ఆయన అంకె లేకుండా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నేనైతే నా వయసు మర్చిపోయి ఎగిరి గంతేశాను. పక్కనున్న ఎవరినో వాటేసుకున్నాను కూడా.

గోల కాస్త సద్దుమణిగాక అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "నా కాగితం పక్కన పడేయండి. అందరికీ ఒకటే కొలబద్ద. ముందు నా చెయ్యి రాసుకోండి." అతని వెంట హాల్లో చేతులన్నీ లేచాయి. ఇంతకాలం నేను మొత్తుకున్న తీర్మానం అలా క్షణంలో నెగ్గింది. దాన్ని పట్టించుకునే ఓపిక మాత్రం నాకప్పుడు లేదు. అన్నయ్య ఫోన్ తీస్తున్నాడు.

"అమ్మా! నీ మోకాళ్లు బాగున్నాయమ్మా! లెక్క తప్పట! నేను నిన్ను పాడుచెయ్యలేదమ్మా!"

అవతల అమ్మ గొంతు పక్కనున్న నాకూ వినబడింది.

"బాగున్నాయని నాకు తెలీదట్రా? వాటి మీద నడుస్తున్నది నేనేగా! రోజూ అడిగావు, రోజూ చెప్పాను. నన్ను చూసి మొహం తిప్పుకుంటుంటే నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను. ఎవరో పెట్టిన చుక్కని నమ్మావు గానీ, నా మాట నమ్మలేదు కదరా నాన్నా."

అన్నయ్య అందరి ముందూ కుర్చీలో కూలబడ్డాడు. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు. "వింటాను."